స్వర్గసీమలో కల్యాణి

మా యవ్వకు అక్షరములు రావు. అయినను కథ చెప్పుటలో ఆమెకు సాటివచ్చువారిని నేనింతవరకు చూడలేదు. రామాయణమైనను, బొబ్బిలి యుద్ధమైనను, తాను చూచిన సినిమాయైనను ఆమెనోట ఒక్కతీరుననే నడచుచుండెడివి. ఆత్మకూరికి చేరువ పల్లె ఆమె మెట్టినిల్లు. పెండ్లియైన క్రొత్తలో బండి కట్టించుకొని ఆత్మకూరు పోయి, గుడారపు టాకీసులో ఆడువారికై వేరుచేసిన వైపున ఇసుకలో కూర్చుండి, ఆమె ‘స్వర్గసీమ’ చూచినది. యంత్రమొక్కటే యగుటచే రీలు మార్చినప్పుడెల్ల ఆట ఆగి దీపములు వెలుగుచుండెననియు, ఆ వెలుతురులో ఒకరి కన్నులొకరు చూచుకొన సిగ్గుపడి ఆడువారందరు కొంగులతో ముఖములు తుడుచుకొనుచుండిరనియు ఆమె చెప్పెడిది.

ఆమె చెప్పిన కథకు ముగింపు ఇది. పరస్త్రీ వ్యామోహమున ఇల్లు విడిచిన మూర్తి బుద్ధివచ్చి తిరిగివచ్చి వాకిట నిలుచును. కల్యాణి గడపకు అడ్డముగా చేయిపెట్టి అడుగును: “నేనే ఇట్ట పొయ్యి వచ్చుంటే తలుపు తీసుందురా మీరు?” మూర్తి తల వంచుకొనును. కల్యాణి కొంతసేపట్లే నిలిచి, పిదప చేయి తీయును. ఇక్కడ మా యవ్వ వక్కపలుకు నోట వేసికొని, “అంతే, అయిపోయింది, పండుకోండి” అనెడిది.

నలువదియేండ్లు దాటిన తరువాత గాని నేనా చిత్రమును చూడలేదు. చూచితిని. ఆ మాట అందు లేదు. ఆ చేయియు లేదు. పాతబడిన ప్రతి గదా, ఏ రీలైనను తెగిపోయినదేమో యని మొదట తలచితిని. రెండవమారు చూచిన పిదప ఆ యాశ విడిచితిని. తెరపైనున్న కల్యాణి అట్టి ప్రశ్న అడుగు మనిషి కాదు. అడుగునట్లు ఆమె నెవరును మలచలేదు. నేను వ్రాయబూనినది ఆ లేని ప్రశ్నను గూర్చియే.

చిత్రమును చూడని పాఠకులకై కొంత చెప్పవలసియున్నది. ‘స్వర్గసీమ’ 1945 జనవరిలో వెలువడినది. వాహినీవారి చిత్రము. నిర్మాతయు దర్శకుడును కడపజిల్లా పులివెందుల సీమకు చెందిన బి. ఎన్. రెడ్డిగారు. రచనలో చక్రపాణిగారి చేయి గలదు. ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్లేగారిది. మూర్తి యను పత్రికా సంపాదకునిగా చిత్తూరు వి. నాగయ్యగారు, ఆతని భార్య కల్యాణిగా కన్నడ రంగస్థలమున పేరుగన్న బి. జయమ్మగారు నటించిరి. వీధులలో ఆడిపాడి పొట్టబోసికొను సుబ్బిగాను, ఆ సుబ్బియే నాటకరంగమెక్కి మారిన సుజాతాదేవిగాను కనుపించునది భానుమతిగారు. కథ చిన్నది. భార్యాబిడ్డలతో సుఖముగానున్న మూర్తి సుబ్బిలోని విద్యను గుర్తించును. ఆమెను పైకి తెచ్చుటలో తానును పాలుగొనును. పైకివచ్చిన ఆమె మోహమున పడి ఇంటిని మరచును. అక్కడ తన స్థానమెంతటిదో తెలిసిన పిమ్మట పశ్చాత్తాపముతో మరల కల్యాణి చెంతకు చేరును. గృహమే స్వర్గసీమ యని పేరుననే చెప్పబడియున్నది.

తెలుగుతెరకు ఈ కథ అప్పటికే క్రొత్త కాదు. 1938లో హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన ‘గృహలక్ష్మి’లో డాక్టరైన భర్త, సాధ్వియైన భార్య, నడుమ ఒక నర్తకి గలరు, ‘రంగూన్ రౌడీ’ నాటకము దానికి మూలము. కన్నాంబగారు, కాంచనమాలగారు అందలి స్త్రీలు. నాగయ్యగారు తొలిసారి తెరపై కనబడినదియు అందే. ఆ పేరు 1928 నుండి డాక్టరు కేసరిగారు చెన్నపట్టణమున నడపిన స్త్రీల మాసపత్రికది కూడ. గృహమును లక్ష్మియనియు స్వర్గమనియు ఇంతగా కీర్తించిన కాలముననే, ఆ గృహమునుండి బయటికి నడచిపోవు మగవాని కథ ఇంతగా చెల్లుబడియగుట ఆలోచింపదగిన విషయము.

బి. ఎన్. రెడ్డిగారిని తేలికగా తీసివేయుట నా యుద్దేశము గాదు. 1940లో ‘సుమంగళి’యందు వితంతువుల దుఃఖమును, 1941లో ‘దేవత’యందు ఇంటిపనిచేయు పిల్ల మోసపోవుటను చిత్రించినవారాయన. సీమనుండి చదువుకొని వచ్చిన బారిస్టరు చేసిన తప్పు ఆ పిల్ల బ్రదుకునెట్లు కాల్చినదో ‘దేవత’లో మనకు ఆ పిల్ల ప్రక్కననే నిలువబెట్టి చూపిరి. నాలుగేండ్లు తిరుగునప్పటికి, అదే చేయి తీసిన చిత్రమున, అన్యాయమునకు గురియైన స్త్రీ నడిమినుండి అంచునకు జరిగినది. నడిమికి వచ్చినవాడు తప్పుచేసిన పురుషుడు. మన మాతని మోహమును ఆతనితో అనుభవింతుము. ఆతని పతనమును ఆతనితో పడుదుము. ఆతని పశ్చాత్తాపమునకు కంట నీరు పెట్టుకొందుము. ఇంటియందేమి జరుగుచున్నదో ఆతనికి జ్ఞప్తికి వచ్చినప్పుడు గదా మనకును జ్ఞప్తికి వచ్చునది!

నాగయ్యగారిని ఆ పాత్రకు ఎన్నుకొనుటలోనే సగము తీర్పు జరిగిపోయినదని నాకు తోచును. అంతకు రెండు మూడేండ్ల క్రిందటనే ఆయన పోతన. మరుసటి యేడు త్యాగయ్య, ఆ పై యేడు వేమన. ఆ కన్నులలోని ఆర్ద్రత, ఆ మెత్తని కంఠము పాపమును సైతము పూజాగృహమునకు తీసికొనిపోవునవి. అట్టి ముఖముగల మనిషి తప్పుచేసిన, చూచువాడు “అయ్యో, ఈతని కేమైన” దనును గాని “ఈతడేమి చేసె” ననడు. వేరొక నటుడు, కొంచెము మొరటువాడు, కొంచెము అహంభావి, మూర్తియైయుండిన కల్యాణి ప్రక్క కొందరమైనను నిలిచియుందుము.

ఇక భానుమతిగారు. అప్పటికి ఆమెకు పందొమ్మిదేండ్లు. 1943లో పెండ్లిచేసికొని నటన విడువనెంచిన ఆమెను ఈ పాత్ర మరల తెరపైకి తెచ్చినదని ప్రసిద్ధి. సుబ్బి నడకకును సుజాత నడకకును గల భేదము చూడుడు. సుబ్బి పాదము మొత్తము నేలకానించి నడచును. సుజాత నేలను ఊరక తాకి పోవును. మాటయు నంతే. సుబ్బిది గొంతునిండ వచ్చు మాట, సుజాతది పెదవులపై నిలుచు మాట. పావురముతో పాడు పాట ఇప్పటికిని జనము నోట నున్నదే. ఆ పాటకు ముందు ఆమె తీయు కూనిరాగములో మన దేశపుది కాని ఏదో గాలి గలదు. మూర్తిని ఇల్లు మరపించినది ఆ గాలియే యని పాట విన్నవారెవరైన ఒప్పుకొందురు. బార్ట్లేగారి దీపములు కూడ ఆమెకు దాస్యము చేసినవి. నలుపు తెలుపుల చిత్రమున మోహము చూపుటకు రంగులక్కరలేదు; ముఖముపై సగము వెలుగు, సగము నీడ చాలును. ఎనుబదియేండ్ల తరువాత చూచినను కన్ను మరలదు.

కన్ను మరలకపోవుటయే చిత్రమునకు చిక్కు. కథ చెప్పునది గృహము స్వర్గమని. తెర చూపునది స్వర్గమంతయు బయటనున్నదని. మంచితనమునకు జీవము పోయుట కళలో మిక్కిలి కష్టము. జయమ్మగారు సమర్థురాలగు నటి, ఆమెను తప్పుపట్టను. కాని ఆమె కిచ్చిన సామగ్రి ఓర్పు ఒక్కటియే. ఓర్పును ఎంతసేపు నటింపగలరు?

గత వేసవి సెలవులలో ఉదయగిరిలో మా యింట, టీవీకి కంప్యూటరు తగిలించి, ఇరుగుపొరుగు నాలుగైదు కుటుంబములవారికి ఈ చిత్రము చూపితిని. మీద కోట, క్రింద ఊరు. ఎండ తగ్గిన పిమ్మట గాని తలుపు తీయు పాటి చల్లదనము రాదు. మొదట పిల్లలు పాతమాటలకు నవ్విరి, అరగంటలో లేచిపోయిరి. పెద్దలు తుదివరకు కూర్చుండిరి. మా వీధికి రెండు సందుల ఆవల కొయ్యగరిటెలు చెక్కు ఇల్లాలొకతె చేతిపని వెంటతెచ్చుకొని, చూచుచునే గరిటె కాడను నునుపుచేయుచుండెను. ఉదయగిరి గరిటెలను ఊళ్లు దాటించిన చేతులలో ఎక్కువ ఆడువారివే గదా. చిత్రము ముగిసిన తరువాత నేను నటనను గూర్చి ఏమో చెప్పబోవుచుండగా ఆమె అన్నది: “ఆయమ్మకు చేతిలో ఏదన్నా పనొచ్చుంటే కథ ఇంకో దోవన పొయ్యేది సార్.” తరువాత గరిటెను దీపమునకెదురుగా పట్టి ఒక కంట చూచి, చాలదనుకొని, మరల రుద్దసాగెను.

ఇరువదియేండ్లుగా నాటకలక్షణములు పాఠము చెప్పుచున్న నాకు ఆ మాట తట్టలేదు. మనకు తట్టునవి భరతముని చెప్పిన యెనిమిది నాయికావస్థలు: స్వాధీనపతిక, వాసకసజ్జిక, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక, అభిసారిక. పిల్లలచే వల్లెవేయించుచు ఒకనాడు గమనించితిని; ఈ యెనిమిదియు పురుషుడెక్కడనున్నాడను ప్రశ్నకు ఎనిమిది జవాబులు. చెంతనున్నాడు, రానున్నాడు, రాలేదు, వేరొకతె కడ నుండి వచ్చినాడు, దూరదేశమున నున్నాడు. స్త్రీ తానెక్కడ నున్నది? ఆ ప్రశ్నకు పట్టికలో గడి లేదు. మా మెట్టప్రాంతమంతయు ప్రోషితభర్తృకలే. వానలు లేని యేడు బెంగుళూరికి, హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు, కొందరు కువైటునకు మగవారు పోవుదురు. వెనుకనున్న ఇల్లాలు పశువులను చూచును, అప్పు కట్టును, పిల్లలను బడికి పంపును, రేషను వరుసలో నిలుచును. ఆమెను విరహిణియని పిలిచిన నవ్వును. కాని రాత్రి భోజనములైన తరువాత ఫోను దగ్గర పెట్టుకొని కూర్చుండు గడియ యొకటి గలదు. ఆ గడియను గూర్చి మన సాహిత్యమున నేను చదివినది తక్కువ.

కాళిదాసునకు తెలియకపోలేదు. శాకుంతలము ఐదవ యంకమున తెర వెనుకనుండి హంసపదిక యొక్క పాట వినవచ్చును. ఒకప్పుడు రాజు వలచి మరచిన రాణి ఆమె. రాజు విని, పాట బాగున్నదని మెచ్చి, విదూషకుని సమాధానము చెప్ప పంపి, తన పనిలో పడును. హంసపదిక నాటకమంతటిలో రంగముపైకి రాదు. శకుంతల గతి ముందుగా సూచించుటకే ఆ పాట యని వ్యాఖ్యాతలు చెప్పుదురు. నేనును అట్లే చెప్పుచుంటిని. ఇప్పుడు నాకు ఆమె తెరవెనుకనే యుండుట మీద గురి నిలిచినది. ‘స్వర్గసీమ’ హంసపదికను తెర ముందునకు తెచ్చినది, నిజమే. తెచ్చి, మరల రాజు ఆమె పాట విని మెచ్చుకొనుటతో సరిపెట్టినది.

గరిటెలు చెక్కు ఇల్లాలి మాటను పట్టుకొని పోదము. 1945లో కల్యాణి వంటి హిందూస్త్రీకి మద్రాసు రాజధానిలో చట్టము ఏమి యిచ్చియుండెను? విడాకులు లేవు. భర్త మరియొకతెను, ఇంకొకతెను పెండ్లాడినను అడ్డు లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 497వ సెక్షను వ్యభిచారమును నేరమన్నది గాని, ఆ నేరము మరియొకని భార్యతో, ఆ మగని సమ్మతి లేక, కూడిన పురుషునిదే. తన భార్యను విడిచి పెండ్లికాని స్త్రీతో కాపురముండు మూర్తి ఆ సెక్షను దృష్టిలో నిరపరాధి. కల్యాణికి మిగిలినది మేజిస్ట్రేటు కచేరిలో భరణముకై అర్జీ పెట్టుకొనుట. మరుసటి యేడు, 1946లో, ఉంపుడుకత్తెతో కాపురముండు భర్తనుండి వేరుగా నివసించి భరణము పొందు హక్కును హిందూభార్యకు ఒక చట్టమిచ్చినది. 1949లో మద్రాసు శాసనసభ ద్విభార్యాత్వమును నిషేధించి, విడాకులకు త్రోవ తీసినది. 1955 హిందూ వివాహచట్టము దానిని దేశమంతటికి వ్యాపింపజేసినది. అందును మొదట, భర్త వ్యభిచారమున “జీవించుచుండిన” గాని విడాకులకు చాలదు. ఒక్క తప్పైనను చాలునని మార్చినది 1976లో. ఆ 497వ సెక్షనును సుప్రీంకోర్టు కొట్టివేసినది 2018 సెప్టెంబరు 27న.

సినిమా విమర్శలో సెక్షనులేల యని పాఠకులు విసుగుకొనవచ్చును. చెప్పుచున్నాను. ఈ చిత్రము యొక్క శిఖరము కల్యాణి క్షమ. క్షమ యనగా, కాదనగల శక్తి యుండియు కాదనకుండుట. దండింపలేనివాని ఓర్పును మన పెద్దలు కూడ క్షమయని కొనియాడలేదు. కాదని పోవుటకు ఇల్లు లేక, వృత్తి లేక, చట్టము లేక, బిడ్డలు చంకనున్న స్త్రీ భర్తను మరల స్వీకరించిన, అది క్షమయో గత్యంతరము లేకపోవుటయో తెలియుటెట్లు? ఆమెకైనను తెలియునా? ఆ సందేహమును ఒక్క నిమిషము తెరపై నిలిపియుండిన, ‘స్వర్గసీమ’ మంచి చిత్రమునుండి గొప్ప చిత్రమైయుండెడిది. మా యవ్వ కథలో గడపకడ్డముగా పెట్టిన చేయి ఆ ఒక్క నిమిషమే.

ఆ యేటనే, 1945 నవంబరులో, ఇంగ్లండులో డేవిడ్ లీన్ తీసిన ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ వెలువడినది. నోయల్ కవర్డ్ చిన్ననాటకమున కది చిత్రరూపము. అదియు నలుపు తెలుపు, అదియు పెండ్లి, ఒంటరితనము, మనసు తప్పుట. కాని అక్కడ మనసు తప్పినది భార్యది. లారా యను ఇల్లాలు, ఇద్దరు బిడ్డల తల్లి, గురువారములందు రైలెక్కి పట్టణమునకు సరకులకై పోవుచు, స్టేషనులో ఒక వైద్యుని కలియును. కొన్ని వారములు, అంతే. తుదకు విడిపోయి ఇంటికి వచ్చును. చిత్రమంతయు ఆమె ఎదుట కూర్చుండి పదముల పజిలు పూరించుచున్న భర్తకు ఆమె మనసులోనే చెప్పుకొను కథ. పైకి ఒక్కమాటయు చెప్పదు. లోపమేమియు లేని ఆ భర్త, ఏమి తెలిసియో తెలియకయో, తుదను ఆమెను దగ్గరకు తీసికొనును. మా యవ్వ ప్రశ్నకు సీమదేశపు జవాబు అది యనవలెను. అవును, తలుపు తీసెను. కాని చూడుడు: ఆ జవాబు దొరకుటకు లారా నిజముగా ఎక్కడికిని పోకుండ వెనుదిరుగవలసివచ్చినది. మూర్తి ఎంతదూరమైనను పోవచ్చును, లారా స్టేషను దాటరాదు. ఒకే యేట, సముద్రములకు ఈవల ఆవల, ఇద్దరికి కొలిచి యిచ్చిన త్రాడు పొడవు ఇంత భిన్నము. అయినను ఆ చిత్రమున ఒక మేలు గలదు. మనము వినునది లారా గొంతు. ఒంటరితనము ఆమె మాటలలో మనకు తెలియును గాని, ఆమె ముఖముపై మరియొకరు చదివి చెప్పినట్లు గాదు.

సుజాత కడకు రాకుండ ముగించిన, నేనును ఆ చిత్రము చేసిన తప్పే చేసినవాడనగుదును. ఇంట మేమందరము చూచుచుండగా ఆమె మూర్తిని తిరస్కరించినప్పుడు వెనుకనుండి ఒక పెద్దాయన “తగిన శాస్తి” అనెను. ఎవరికి శాస్తి? సుబ్బిని సుజాతగా చేయుటలో మూర్తి చేయి లేకపోలేదు. ఆమెలోని విద్యను చూచి మెచ్చినవాడు ఆమెకేమి కావలెనో అడిగెనా? తన రసజ్ఞతకు తానే మురిసినాడు. ఆమె ఎదిగి తన యిష్టము తాను నెరవేర్చుకొనగానే మాయలాడి యైనది. సుబ్బి వెనుక ఎవరున్నారు? ఆమె ఒంటరితనము ఎట్టిది? పావురముతో మాటాడు స్త్రీకి మాటాడుటకు మనిషి లేడని దర్శకునకు తోచనే లేదు. 1892లోనే విజయనగరమున ఆడబడిన ‘కన్యాశుల్కము’లో మధురవాణి యున్నది, 1927లో చలముగారి ‘మైదానము’ వచ్చినది. కాలము అట్టిది యని తప్పుకొనుటకు వీలులేదు.

ఇంతకన్న పాతవాడు శూద్రకుడు. ఆయన చారుదత్తునకును ధూత యను భార్యయు, వసంతసేన యను గణికయు గలరు. ధూత తన రత్నహారమును భర్త పరువు నిలుపుటకై యిచ్చివేయును. తుదకు వసంతసేనకు రాజాజ్ఞచే కులవధువు పదవి వచ్చును. ధూత ఆమెను అక్కచెల్లెలివలె కౌగిలించుకొనును. ఇద్దరికిని ఇంట చోటు దొరకినది. 1945 నాటికి ఆ చోటు ఒక్కరికే మిగిలినది. సంస్కారము ముందుకు పోయినదని సంతోషింపవలసినదే. ఏకపత్నీత్వము మేలు. కాని ఇద్దరు స్త్రీలలో ఒకతెను ఇంట నుంచి ఒకతెను వీధికి పంపు ఆ తూకము ఎవరి చేతనున్నది? శూద్రకుని కాలమునను, వాహినీవారి కాలమునను అది చారుదత్తుని చేతనే యున్నది. ధూతను ఎవరును అడుగలేదు, కల్యాణినిని అడుగలేదు.

ఆ రాత్రి అందరును పోయిన తరువాత నా భార్య గిన్నెలు సర్దుచు, “మీ అవ్వ చెప్పిన మాట సినిమాలో లేదన్నారే, మరి యాడ నుంచి తెచ్చిందంటారు?” అని యడిగెను. ముసలివారి కల్పనయని చెప్పితిని. ఆమె ఒప్పుకొనలేదు. “అంత మాట ఊరికే పుట్టదు. అత్తయ్య నడగండి.”

మా యమ్మ ఆత్మకూరిలో మా తమ్ముని యింట నున్నది. మరుసటి ఆదివారము బస్సెక్కి పోయి, అన్నము తినిన పిదప, వసారాలో కూర్చుండి అడిగితిని. ఆమె చాలసేపు పలుకలేదు. తరువాత మా పెద్దవ్వను, అనగా అవ్వకు తోడబుట్టిన అక్కను, గూర్చి చెప్పినది. పెద్దవ్వ మగడు కంట్రాక్టు పనులపై దూరపు ఊరికి పోయి, అక్కడ వేరు కాపురము పెట్టి, పదునొకండు సంవత్సరములకు, కాలు పడిపోయి, బండిలో తిరిగివచ్చెనట. అది మా యవ్వ గుడారములో సినిమా చూచిన రెండు మూడేండ్లకే జరిగినదట. బండి వాకిట ఆగినప్పుడు అవ్వ ఆ యింటనే యుండెను.

“అయితే ఆ మాట అడిగింది పెద్దవ్వా?” అంటిని.

“మీ పెద్దవ్వ ఏమీ అడగలా నాయనా,” అన్నది మా యమ్మ. “చెంబుతో కాళ్లకు నీళ్లు తెచ్చింది. ఆయన దిగలేకపోతే తనే పట్టుకోని దించింది. మీ అవ్వ మాత్రం గడపలో చెయ్యడ్డం పెట్టుకోని నిలబడుకోనుండాది. అక్క కసిరితే తీసింది.”